గోడకి పారాణి

పోయిన వారం మనం అమృతని చలిలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. హార్గ్రేవ్ ఊళ్ళో, పాత ఫైర్ హాల్ గుమ్మం ముందు, చంకలో సిటీ వాళ్ళ ఫైలు, చేతిలో చల్లారిపోయిన కాఫీ. ఎదురుగా తెలుగు సంఘం ప్రెసిడెంటు జనార్ధనరావు గారు వ్యాన్ దిగి, తలుపు ధడాలున వేసి, "అమృతా, నువ్వు మావైపా, వాళ్ళవైపా? అది తేల్చు ముందు" అని అడిగేశారు. అక్కడే కదా మనం ఆగింది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి సంగతి టూకీగా చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే వచ్చే ఊరు హార్గ్రేవ్. టొరంటో అంత పెద్దది కాదు, అలాగని పల్లెటూరూ కాదు. ఊరి మధ్యలో ఎర్ర ఇటుకల ఫైర్ హాల్ ఒకటుంది. దాని నెత్తిన పొడుగాటి బురుజు. మంటలార్పి వచ్చాక తడిసిన గొట్టాల్ని పైనుంచి వేలాడదీసి ఆరబెట్టుకోవడానికి కట్టుకున్న బురుజు అది. ఫైరింజన్లు వేరే చోటికి వెళ్ళిపోయాక చాలా ఏళ్ళు అక్కడ ఫర్నిచర్ షాపు నడిచింది. షాపువాళ్ళు ముందు గోడనంతా చెక్క పలకలతో కప్పేశారు. ఆ పలకలు ఊడదీసింది ఈ వేసవిలోనే. ఎందుకంటే, మన తెలుగు సంఘం వాళ్ళు ఆ భవనం కొనడానికి ఒప్పందం చేసుకున్నారు. కొని, కూలగొట్టి, ఆ స్థలంలో పెద్ద కల్చరల్ హాల్ కట్టాలని వాళ్ళ కల.

కూల్చాలంటే సిటీ పర్మిట్ కావాలి. ఆ పర్మిట్ ఇవ్వొద్దు, ఇది ఊరివాళ్ళు కట్టుకున్న మొట్టమొదటి ఫైర్ హాల్, దీన్ని హెరిటేజ్ కట్టడంగా కాపాడుకోవాలి అని రిపోర్టు రాసిన మనిషి మన అమృత. హనుమకొండ పిల్ల, వేయిస్తంభాల గుడి పక్క వీధిలో పెరిగింది. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివి, స్టూడెంట్‌గా వచ్చి, బ్రాంప్టన్ వేర్‌హౌసుల్లో డబ్బాలు మోసి, చివరికి చదివిన చదువుకి తగ్గ ఉద్యోగం హార్గ్రేవ్ సిటీలో సంపాదించుకుంది. చేరి మూణ్ణెల్లు కాలేదు, కాంట్రాక్టు ఉద్యోగం.

మంగళవారం కౌన్సిల్ ఓటింగ్. గుమ్మం పక్కన గోడలో, భవనం కట్టినవాళ్ళు పెట్టుకున్న శిలాఫలకం ఉండేదని అమృత రిపోర్టులో రాసింది. గోడ చూస్తే రాయి లేదు. పాత హాల్ ఎప్పుడో కాలిపోయింది, ఇది తర్వాత కట్టిన నకలు, రాయి ఏనాడూ లేదు అని కొనేవాళ్ళ కన్సల్టెంటు రాసిచ్చాడు. రాయి కనబడితే భవనం బతుకుతుంది. కనబడకపోతే భవనం పోతుంది, అమృత అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది. ఇదీ సంగతి.

ఇహ జనార్ధనరావు గారి ప్రశ్న దగ్గరికి వద్దాం.

అమృత తడుముకోలేదు. "నేను గోడవైపు అంకుల్" అంది.

ఆయనకి ఒళ్ళు మండింది. ఆయన కోపిష్టి మనిషే గానీ చెడ్డమనిషి కాదు, ఈ మాట నేను మొదటి భాగం నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. న్యూజెర్సీలో పదేళ్ళు, ఆ తర్వాత ఇక్కడ పాతికేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన మనిషి. ఉగాదులన్నీ చర్చి బేస్‌మెంట్లలో చేయించారు. సాంబారు గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని మంచులో వ్యాన్ నడిపించారు. పిల్లలు స్కూల్ జిమ్ముల్లో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద కూచిపూడి ఆడుతుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. అవన్నీ ఆయన ఆ పూట అమృతకి ఏకరువు పెట్టారు. తెలుగుపిల్లవై ఉండి మనవాళ్ళ హాలుకే అడ్డం పడతావా అన్నారు. చివరికి గొంతు తగ్గించి అసలు మాట అన్నారు.

"ఈ దేశంలో మన పేరున్న గుమ్మం ఒక్కటి ఉండాలమ్మా. రేపు మనం పోయాక, వీళ్ళు కట్టారు అని ఎవరో ఒకరు చదవాలి. అది తప్పా?"

తప్పు కాదంది అమృత. ఈ గుమ్మం కట్టినవాళ్ళు కూడా సరిగ్గా అదే అనుకున్నారు అంకుల్ అంది.

ఆ మాటని జనార్ధనరావు గారి బావమరిది భరద్వాజ్ అందుకున్నాడు. ఈ బేరం కుదిర్చిన రియల్టర్ అతనే. ఓక్‌విల్‌లో ఉంటాడు, కొత్తిల్లు కొనుక్కుని మూడు నెలలైంది. మనిషి చూడటానికి బావుంటాడు, మాట్లాడితే ఇంకా బావుంటుంది. ఈ మీటింగు ఎందుకు పెట్టారో ఆ సంగతి చూద్దాం, మిగతావి మంగళవారం కౌన్సిల్లో తేల్చుకోవచ్చు అని నవ్వుతూ అన్నాడు.

మీటింగు ఎందుకంటే, మన వాళ్ళ ఘనకార్యం వల్ల. పర్మిట్ రాలేదు, రిజిస్ట్రేషన్ కాలేదు, కానీ మంచి ముహూర్తం వచ్చింది. ముహూర్తం దాటిపోతే మళ్ళీ మూఢం అన్నారు పంతులుగారు. ఇంకేముంది, పోయిన ఆదివారం సంఘం వాళ్ళంతా పట్టుచీరల మీద పార్కా కోట్లు తొడుక్కుని వచ్చి, ఇంకా తమది కాని భవనం ముందు భూమిపూజ చేసేశారు. మామిడాకులు దొరక్కపోతే మేపుల్ ఆకులు గుచ్చి తోరణం కట్టారు. గుమ్మడికాయ కొట్టారు. జనార్ధనరావు గారి భార్య జానకమ్మ గారు గుమ్మానికీ, పక్క గోడకీ పసుపునీళ్ళు చల్లారు. అవన్నీ రోడ్డు అవతల నుంచి గార్డన్ అనే పెద్దాయన ఫోటోలు తీసి, గోడకి ఎర్రరంగు పూసి పాడుచేశారని సిటీకి కంప్లైంట్ పెట్టాడు.

ఆ గార్డన్ కూడా వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, చెవులదాకా ఉన్ని టోపీ. హెరిటేజ్ కమిటీలో వాలంటీరు. చిన్నప్పుడు ఈ గోడలో ఒక రాయి ఉండేదనీ, దానిమీద చెక్కిన చేతిని తాను తడుముతూ ఉండేవాడిననీ ఆయన ఎప్పణ్ణుంచో చెబుతున్నాడు. ముసలాయన చాదస్తం అని ఊళ్ళోవాళ్ళే కొట్టిపారేశారు. ఇప్పుడాయన జేబులోంచి చెయ్యి తీసి, గుమ్మానికి కుడిపక్క గోడ వైపు చూపించాడు.

నిజమే. మోకాలెత్తున ఇటుకల మధ్య సందుల్లో ఎర్రటి మరకలు, కడిగినా పోనట్టు.

జనార్ధనరావు గారికి తల కొట్టేసినట్టయింది. పరాయివాళ్ళ ముందు పరువు పోతే ఆయన తట్టుకోలేరు. సరాసరి భార్య మీద పడ్డారు. దిష్టి తీయమని నిన్నెవరు అడిగారు, పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి గోడకి కొట్టడమేమిటి, మన పెరడు అనుకున్నావా అని కేకలేశారు.

జానకమ్మ గారు బాపట్ల ఆవిడ. అల్లరి చేసే మనిషి కాదు, అలాగని చేయని దానికి మాటపడే మనిషీ కాదు. శాలువా సర్దుకుని అన్నారు.

"నేను సున్నం కలపలేదండీ. ఉత్త పసుపునీళ్ళే చల్లాను. నా చెంబులోవి పచ్చగానే ఉన్నాయి."

ఆయన వినిపించుకోలేదు. అమృత మాత్రం విన్నది. చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టి, "ఆంటీ, మళ్ళొక్కసారి చెప్పండి. సున్నం అస్సలు కలపలేదా?" అంది.

ఇక్కడ నేను ఒక్క నిమిషం ఆగాలి. మన ఇళ్ళలో పెళ్ళికూతురి పాదాలకి పారాణి పెట్టిన ఏ ఆడమనిషికైనా తెలిసిన సంగతే ఇది. పసుపు పచ్చగా ఉంటుంది, సున్నం తెల్లగా ఉంటుంది, రెండూ కలిస్తే ఎర్రగా పండుతుంది. పసుపు ఒక్కటే అయితే ఎంతసేపు కలిపినా ఎర్రబడదు. జానకమ్మ గారు సున్నం కలపకపోతే, గోడకి ఆ సున్నం ఘాటు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

అమృత గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆ గోడని ఆ పిల్ల ఎన్నిసార్లు తడిమి ఉంటుందో లెక్కలేదు. అన్ని సందులూ ఒకటే రంగు, ఒకటే మురికి. ఎక్కడా తేడా కనబడలేదు. ఇప్పుడు కనబడుతోంది.

పసుపు ఉందా ఆంటీ అని అడిగింది. జానకమ్మ గారి వ్యాన్‌లో పసుపు లేకపోవడమా? పూజ సంచీ తెచ్చి, కాఫీ పారబోసిన కప్పులోనే నీళ్ళు పోసి, పసుపు కలిపి ఇచ్చారు. భరద్వాజ్ ముందుకొచ్చి, ఉన్న కంప్లైంట్ చాలదా, మళ్ళీ గోడ పాడుచేస్తారా అన్నాడు. పసుపు ఎండకి వెలిసిపోతుంది, సిటీ తరఫున నేనే చేస్తున్నాను, నేనే రాసుకుంటాను అంది అమృత. గార్డన్‌కి ఇంగ్లీషులో అదే చెప్పి, అనుమతి అడిగింది. ఆయన తల ఊపాడు.

ముందు ఎడమపక్క గోడ మీద పోసింది. ఇటుకల మీదుగా, సందుల మీదుగా పసుపు జారింది. పచ్చగానే ఉంది. గుమ్మం పైన చల్లింది. పచ్చగానే ఉంది. అప్పుడు కుడిపక్కకి వచ్చి, మరకలున్న చోటు చుట్టూ నెమ్మదిగా పోసుకుంటూ వెళ్ళింది.

అందరూ చూస్తుండగానే సందులు పండాయి. ముందు అడుగున అడ్డంగా ఒక గీత. తర్వాత అటూ ఇటూ నిలువుగా రెండు. పైన ఇంకొకటి. లోపలి ఇటుకల మధ్య సన్నటి గీతలు. ఆ గీతలు దాటితే మళ్ళీ అంతా పచ్చదనమే. పెళ్ళికూతురి పాదానికి అంచు దిద్దినట్టు, గోడలో ఒక చక్కటి పలక ఆకారం తేలింది. పీటంత ఉంటుంది.

గార్డన్ టోపీ తీసేశాడు.

అమృత లేచి నిలబడింది. ఆ పిల్ల మొహం చూడాల్సింది. ఇన్నాళ్ళూ తలవంచుకుని మాట్లాడిన మనిషి ఆ రోజు తల ఎత్తి మాట్లాడింది. తన చదువు మీద, తన కళ్ళ మీద, తను రాసిన ప్రతి అక్షరం మీద నమ్మకం ఆ గొంతులో వినబడింది.

"పాతకాలం గోడలన్నీ సున్నంతోనే కట్టిన్రు అంకుల్. ఆ సున్నం వందేళ్ళ గాలి పీల్చి రాయైపోతది. దాంట్ల ఘాటు ఉండదు, అందుకే పసుపు పచ్చగా ఉంది. కొత్త సిమెంటుకే ఆ ఘాటు ఉంటది. ఈ పలక వరకూ మొన్న ఎండాకాలంల పెట్టిన సిమెంటు. ఇక్కడున్నదేదో తీసేసి, ఈ భవనం వెనక షెడ్డు ఇటుకలే తెచ్చి పూడ్చిన్రు. కనబడకుండా మసి పూసిన్రు."

కోపం వచ్చినా సంతోషం వచ్చినా అమృత నోట హనుమకొండ పలుకుతుంది. ఇప్పుడు రెండూ వచ్చాయి.

జనార్ధనరావు గారు వంగి ఆ ఎర్రగీతల మీద వేలు పెట్టి చూసుకున్నారు. కొనబోయేది తాను, తనకి తెలియకుండా ఈ గోడ మీద చెయ్యి వేసిందెవరు అన్నది ఆయనకి మొదట తట్టింది. అమ్మేవాళ్ళ పనేనా అన్నారు. భరద్వాజ్ వెంటనే అయ్యుండొచ్చు బావగారూ అన్నాడు. అయినా దీన్నిబట్టి ఏం తేలుతుంది, గాలి కోసం పెట్టిన కంత ఏదో ఉండి ఉంటుంది, పూడ్చి ఉంటారు, ఖాళీ కనబడినంత మాత్రాన అక్కడ రాయి ఉందని కౌన్సిల్ ఒప్పుకుంటుందా అని అడిగాడు. అడిగే తీరు మర్యాదగానే ఉంది. పైగా అందులో న్యాయం కూడా ఉంది. అమృతకీ ఆ సంగతి తెలుసు. చోటు దొరికింది గానీ రాయి దొరకలేదు.

అప్పుడు గార్డన్ మాట్లాడాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది మీకు తెలుగులో చెప్తాను. వాళ్ళ ముత్తాతల కాలంలో ఈ వీధి వీధంతా తగలబడిపోయింది. ఫైరింజన్ లేదు. ఊళ్ళో ఆడా మగా నది ఒడ్డు నుంచి వరసగా నిలబడి, బకెట్లు చేతులు మార్చుకుంటూ తెల్లారేదాకా నీళ్ళు అందించారు. వీధి పోయింది గానీ ఊరు మిగిలింది. మర్నాటి నుంచే ఈ హాల్ కట్టడం మొదలుపెట్టారు. ఇటుకల బట్టీ కూడా ఊరివాళ్ళదే. ఇల్లు కాలినవాళ్ళు కూడా వచ్చి ఇటుకలు మోశారు. కట్టాక గుమ్మం పక్కన రాయి పెట్టించి, ఏ దొరగారి పేరూ వేయించలేదు. ఊరు కట్టింది, ఊరి కోసం అని మాత్రం చెక్కించారు. దాని పైన ఒక చెయ్యి, చేతిలో బకెట్టు.

చెబుతుంటే ఆ ముసలాయన వెన్ను నిటారుగా అయింది. మా ముత్తాత ఆ వరసలో నిలబడ్డాడు అని ఆయన చెప్పిన తీరు చూస్తే, రాజవంశంలో పుట్టినవాడు కూడా అంత గర్వంగా చెప్పలేడనిపించింది.

జనార్ధనరావు గారు ఆ మాటని మనసులోనే తెలుగులోకి తిప్పుకున్నారు. ఊరు కట్టింది, ఊరి కోసం. తాను కొత్త హాలు గుమ్మం మీద రాయించాలనుకున్నది కూడా ఇంచుమించు అదే. చాలాసేపు బురుజు వైపు చూశారు. మంచి మనుషుల కోపం దిగడానికి కొంచెం టైం పడుతుంది. అంతే.

"అమృతా, ఆ రాయి దొరికితే నేనేం చేస్తానో చెప్పనా?" అన్నారు. "మంగళవారం నేనే లేచి నిలబడతాను. కూల్చే అర్జీ వెనక్కి తీసుకుంటున్నామని చెప్తాను. ఈ బురుజు కిందే మన పిల్లలు ఆడతారు. కొన్నవాళ్ళం కూల్చలేదు, నిలబెట్టాం అని చెప్పుకుంటాం. అంతకంటే గొప్పేముంటుంది? కానీ రాయి కావాలి. రాయి లేకుండా మా మెంబర్లని నేను ఒప్పించలేను."

అమృతకి కళ్ళు చెమర్చాయి. ఈ ముక్క కోసమే కదా ఇన్నాళ్ళూ ఎవరికీ కాకుండా పోయింది. ఫైలు తెరిచి, లైబ్రరీలో దొరికిన పాత ఫోటో కాపీ తీసింది. గుమ్మం ముందు మీసాల మనుషులు బారుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ మోకాళ్ళ పక్కన, మసకగా, రాయి. దాన్ని పెద్దది చేసి వేయించిన ముక్క కూడా ఉంది. ఈ ఫోటో ఈ భవనానిదే అని రుజువేమిటని కన్సల్టెంటు కొట్టిపారేసింది దీన్నే.

ఫోటో చేతులు మారింది. జనార్ధనరావు గారు కళ్ళజోడు ఎత్తి చూసి భార్యకిచ్చారు.

జానకమ్మ గారు చూశారు. మళ్ళీ చూశారు. వేలితో ఆ మసక చేతి మణికట్టు దగ్గర్నుంచి కిందికి రాసి, ఆగిపోయారు. తల ఎత్తి తమ్ముడి వైపు చూశారు.

"అక్కా, చలిగా ఉంది. వెళ్ళి వ్యాన్‌లో కూర్చో" అన్నాడు భరద్వాజ్. ఆ గొంతులో నవ్వు లేదు.

ఆవిడ కదల్లేదు. ఈ తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టింది, కాలేజీకి పంపింది, వీసా వచ్చి ఈ దేశంలో దిగిననాడు ఎయిర్‌పోర్టుకి తానే వెళ్ళి తెచ్చుకుంది. వాడు ఇల్లు కొన్నప్పుడు వాడికంటే ఎక్కువ సంబరపడింది కూడా ఆవిడే. భరద్వాజ్‌కి ఏదో ఫోన్ వచ్చిందట, క్లయింటు అట. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, ఇప్పుడే వస్తానని సైగ చేసి, పార్కింగ్ వైపు నడిచాడు. ఫోన్ మోగిన చప్పుడు మాత్రం ఎవరికీ వినబడలేదు.

ఏమైంది జానకీ అన్నారు జనార్ధనరావు గారు. చెబితే తమ్ముడు పోతాడు. చెప్పకపోతే, పరాయి ఊళ్ళో ఓ ముసలాయన టోపీ తీసి నిలబడ్డ ఈ చోట, ఆవిడ తల ఎత్తుకుని నిలబడలేదు. చేయని తప్పుకి ఒక్క మాట పడని మనిషి, తెలిసిన నిజాన్ని మింగి ఎలా ఉంటుంది? ఫోటో మడవకుండా జాగ్రత్తగా అమృత చేతికిచ్చారు.

"శ్రావణ శుక్రవారం నాడు నేను దీని ముందు దీపం పెట్టాను" అన్నారు. "దేవుడి చెయ్యి, చేతిలో కలశం అనుకున్నాను. బొట్టు పెట్టి, దండం కూడా పెట్టుకున్నాను. గార్డన్ గారిని వ్యాన్ ఎక్కమనండి, ఓక్‌విల్ వెళ్దాం. ఆ రాయి మా తమ్ముడింటి పెరట్లో, తులసికోట కింద ఉంది."

జనార్ధనరావు గారు గిరుక్కున వెనక్కి తిరిగారు. పార్కింగ్ ఖాళీగా ఉంది. వీధి చివర భరద్వాజ్ కారు, సిగ్నల్ ఎర్రబడినా ఆగకుండా, ఓక్‌విల్ రోడ్డు మీదికి మలుపు తిరుగుతోంది.